చిన్నత్త లైటు వెలగని మూడు రోజులు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. యంత్రానికి మీటలు ఎన్ని ఎక్కువుంటే, చేసినవాళ్ళ తెలివి అంత ఎక్కువ కనిపిస్తుందని. ఇరవై మూడేళ్ళ వయసు, కొత్త ఉద్యోగం, పైగా ఇంట్లో నేను ఏం చేస్తున్నానో ఎవరికీ అర్థం కాని అదృష్టం. తమిళనాట రాజపాళయంలో, మా మేడమీది గదిలో కూర్చుని, సముద్రాల అవతలున్న ఒక చిన్న కంపెనీకి పని చేసేదాన్ని. వాళ్ళు మాడ్యులర్ సింథసైజర్లు చేస్తారు. అంటే సంగీతం పుట్టించే రేకు డబ్బాలు. ఒకదానికొకటి తీగలతో కలిపితే కూస్తాయి, మూలుగుతాయి, కొన్నవాళ్ళ జాతకం బాగుంటే పాడతాయి కూడా. వాటికి ఏ స్వరం తర్వాత ఏ స్వరం మోగాలో వరసగా చెప్పే పెట్టెను సీక్వెన్సర్ అంటారు. దాని మీద ఎనిమిది లైట్లుంటాయి, ఏ లైటు వెలిగితే ఆ స్వరం వంతు. ఆ పెట్టెకు కొత్త కొత్త సదుపాయాలు కనిపెట్టడం నా పని. పరీక్షా కాలం ముగిసే శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి, వీడియోలో గడ్డం సారుకు (మా యజమానికి నేను పెట్టుకున్న పేరు, ఆయనకు ఇప్పటికీ తెలియదు) నా ప్రతిభ చూపించాలి. నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే. ఇంట్లోనే ఉన్నాను కాబట్టి ఎక్కడికి పంపుతారన్నది వేరే సంగతి.

నేను కనిపెట్టిన ఘనకార్యం పేరు అదృష్టం మీట. దాన్ని తిప్పితే, వంతు వచ్చిన లైటు వెలగనూ వచ్చు, వెలగకుండా పక్కదానికి పోనూ వచ్చు. పాట ప్రతిసారీ కొత్తగా ఉంటుందని నా వాదన. గడ్డం సారు అంతా విని, "ఈ పెట్టెను ముందెన్నడూ చూడని ముగ్గురికి ఇవ్వు. నువ్వు నోరు మూసుకుని, వాళ్ళేం చేస్తారో చూడు" అన్నాడు. ముగ్గురి కోసం ఎక్కడికి పోను? నాయన, పెదనాయన, వాళ్ళ చెల్లెలు చిన్నత్త కింద కూడంలో (అదే, హాల్లో) కాఫీ తాగుతున్నారు. తెచ్చి వాళ్ళ ముందు పెట్టాను.

"ఇది ఏం చేస్తాది పాపా?" అన్నాడు పెదనాయన.

"ఒకరి తర్వాత ఒకరికి వంతు ఇస్తాది పెదనాయనా."

ముగ్గురూ కాఫీ గ్లాసులు కింద పెట్టేశారు. సత్రపట్టి దగ్గర వాళ్ళ ముగ్గురి తోటలకూ కలిపి ఒకటే బావి. మోటారు తిరిగేంత కరెంటు వచ్చేది పగలు కొన్ని గంటలే. ఆ గంటల్లో ఎవరి తోటకు నీళ్ళు పారాలన్నదే మురై, అంటే వంతు. మురై విషయంలో మా ఇంట్లో జరగని గొడవ లేదు, ఎవరికి వాళ్ళ మురై మాత్రమే గుర్తుంటుంది గనుక.

"అప్పో, అట్లయితే ఇది మురై చెప్పే పెట్టె!" అని నాయన లేచి నిలబడ్డాడు. "ఇన్నాళ్ళు యాడ దాచినావు దీన్ని?"

"మనిషి చెప్తే కదా కొట్లాట," అంది చిన్నత్త. "పెట్టె చెప్తే ఎవురితో కొట్లాడేది? రేపే మోటారు రూముకు తీసకపోదాం."

సంగీతం చదువుకున్నవాళ్ళు కూడా సీక్వెన్సర్‌ను ఇంత తొందరగా అర్థం చేసుకోగా నేను చూడలేదు. ఉప్పొంగిపోయాను. ఎనిమిదిలో మూడు లైట్లే తిరిగేలా, గంటకొకటి మారేలా వేగం తగ్గించి, మొదటిది నాయనకు, రెండోది పెదనాయనకు, మూడోది చిన్నత్తకు అని చెప్పి మోటారు రూములో పెట్టి వచ్చాను. అదృష్టం మీటను మాత్రం ఆపలేదు. దాన్ని పరీక్షించడానికే కదా ఇదంతా! దాని సంగతి వాళ్ళకు చెప్పనూ లేదు. నోరు మూసుకోమన్నారు, మూసుకున్నాను. (జీవితంలో పెద్దలు చెప్పిన మాట తు.చ. తప్పకుండా విన్నది ఆ ఒక్కసారే.)

మంగళవారం చిన్నత్త లైటు వెలగలేదు. బుధవారమూ వెలగలేదు. గురువారమూ అంతే, పైగా పెదనాయన లైటు రెండుసార్లు వెలిగింది, ఆయన తువ్వాలు దులుపుకుంటూ, "పెట్టె మొగం చూసి చెప్పదు, నిజం చెప్తాది" అన్నాడట. చిన్నత్త పార భుజాన వేసుకుని ఇంటికి పోయిందట. అది ఎంత ప్రమాదమో నాకు తట్టి ఉండాల్సింది.

శుక్రవారం పదిన్నరకు పెట్టె తెచ్చుకుందామని పోతే, చిన్నత్త మోటారు రూము మెట్టు మీద కూర్చుని ఉంది. పెట్టె ఆమె ఒళ్ళో ఉంది, కొంగు దాని మీద ఉంది.

"నా అరటి పిలకలు వాడిపోయినాయి," అంది.

"అత్తా, పన్నెండుకు దాన్ని సారుకు చూపించాల. లేకుంటే నా ఉద్యోగం పోతాది."

"పోతే ఇంకోటి వస్తాది. పిలకలు చస్తే తిరిగొస్తాయా? నా లైటు ఎందుకు వెలగలే, అది చెప్పు ముందు."

ఉన్నది ఆ ఒక్క పెట్టే, ఇంకోటి లేదు. "అది అదృష్టం అత్తా. కొన్నిసార్లు వెలుగుతాది, కొన్నిసార్లు వెలగదు."

"ఎవురు పెట్టినారు అట్లా?"

"నేనే."

మోటారు పక్కన నిలబడి వింటున్న పెదనాయన మెల్లగా తన కొబ్బరిచెట్ల వైపు నడక సాగించాడు. చిన్నత్త నన్ను తిట్టి ఉంటే బాగుండేది. జాలిగా చూసింది.

"అదృష్టానికి నీ పెట్టె ఎందుకు పాపా? దానికి వాన ఉండాది కదా! మురై అంటే తప్పినోళ్ళకు ముందు ఇయ్యాల. నేర్పు దీనికి. నేర్పినాకే ఇస్తాను."

సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి ఎరువు బస్తా మీద పెట్టుకుని, అత్త ఒళ్ళోని పెట్టెకు తీగ తగిలించి, చెమటలు కక్కుతూ రాశాను. ఒకసారి తప్పిన లైటుకు తర్వాతిసారి అవకాశం పెరగాలి. రెండుసార్లు తప్పితే మూడోసారి ఇక ప్రశ్నే లేదు, అది వెలగాల్సిందే. వేగం పెంచి చూపిస్తే, చిన్నత్త వేళ్ళు మడుస్తూ ఇరవై చుట్లు లెక్కపెట్టింది. "ఇంకోసారి," అంది. ఇంకో ఇరవై లెక్కపెట్టింది. అప్పటికి పన్నెండు కావడానికి మూడు నిమిషాలు.

ఇంటికి పోయే సమయం లేదు. గడ్డం సారుకు మోటారు రూములోంచే కనిపించాను, వెనక మోటారు హోరు, పక్కన పెట్టెను పసిబిడ్డలా పట్టుకున్న చిన్నత్త. అబద్ధం ఒకటి సిద్ధం చేసుకున్నాను గానీ ఆమె పక్కనుండగా నోరు రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆయన నవ్వి నవ్వి కుర్చీలోంచి జారి తెరమీద కనిపించకుండా పోయాడు. తిరిగొచ్చి కళ్ళు తుడుచుకుని, "నీ మొదటి మీటకైతే ఉద్యోగం ఇచ్చేవాణ్ణి కాదు. ఇందులో పాట కొత్తగానూ ఉంటుంది, ఏ స్వరమూ మరుగున పడదు. సోమవారం నుంచి నువ్వు మా మనిషివి" అన్నాడు.

"ఏం చెప్పినాడు?" అంది చిన్నత్త.

"ఉద్యోగం ఖాయం అత్తా!"

"సంతోషం. ఆనా, మరి పోయిన మూడు దినాల మురై?"

ఎప్పుడొచ్చాడో పెదనాయన వచ్చి, పార తీసి నీళ్ళను అరటితోట వైపు తిప్పాడు. పార నా చేతికిచ్చి, "అన్నీ తాగేదాకా నువ్వే ఉండాల" అన్నాడు. ఉన్నాను. మోకాళ్ళ దాకా బురద, చేతిలో పార, జేబులో ఖాయమైన ఉద్యోగం. పిలకలు ఒక్కొక్కటీ తడుస్తుంటే లోకమంతా నేనే నడుపుతున్నట్టు నవ్వుకుంటూ నిలబడ్డాను. ఆ తర్వాత పెద్ద జీతాలొచ్చాయి, పెద్ద పెట్టెలు చేశాను, కానీ అంత సంతోషంగా మళ్ళీ ఎప్పుడూ నిలబడలేదు. నా కాలి పక్కనే గట్టు తెగి, నీళ్ళలో సగం పెదనాయన కొబ్బరితోటలోకే పోతున్నాయని చిన్నత్త కేక పెట్టేదాకా నాకు తెలియనే లేదు.