కుల్సూమ్ అపి ఊడ్చిన మంచు

మా ఊరి పైన కొండమీది మంచు దానంతటది పుట్టినది కాదు, కుల్సూమ్ అపి మామగారు నాటినది. నల్లటి మగ మంచునూ తెల్లటి ఆడ మంచునూ బుట్టల్లో మోసుకెళ్లి, దారిలో నోరు విప్పకుండా, బుట్ట నేల దించకుండా, ఎండ తగలని కొండ మడతలో ఒకదాని మీద ఒకటి పేర్చి వాటికి పెళ్లి చేశాడు. అది పెరిగి పెద్దదయింది. మా బార్లీ చేలూ ఖుబానీ పళ్ల తోటలూ దాని నీళ్లు తాగి బతికినవే. ఆ ఇంటి కోడలు కుల్సూమ్‌ను మేమంతా అపి, అంటే అవ్వ, అని పిలుస్తాం; ఆమె దాన్ని అత్తింటి పెద్దలాగే చూసేది.

ఒక ఏడు వసంతం వచ్చినా కాలువ పారలేదు. విత్తే అదను దాటిపోతోంది. చేలమీది మంచు తొందరగా కరగాలని మా ఆడవాళ్లు పశువుల కొట్టంలోని పేడమట్టి, బూడిద చల్లడం మామూలే. భర్త పోయి, ఇంట్లో పిండి అడుగంటిన అపి ఆ మట్టినే బుట్టెడు పైకి మోసుకెళ్లి నాటిన మంచు మీదే చల్లింది. అలాంటి పని అంతకుముందు ఎవరూ చెయ్యలేదు. నీళ్లొచ్చాయి. ఊరంతా ఆమెను నెత్తిన పెట్టుకుంది.

మరుసటి ఏడు ఎవరూ ఏమీ చల్లలేదు. అయినా మంచు మీద నలుపు మళ్లీ పొడిచింది, ఇంకా వెడల్పుగా. ఏటికేడు మంచు తరిగిపోయింది. మెచ్చుకున్న నోళ్లే, "పేడమట్టి పోసి పెద్దల మంచును చంపేసింది" అన్నాయి. మా వాళ్ల కృతజ్ఞత కాలువలో నీళ్లున్నంత వరకే.

అపి మాత్రం వేసవి రాగానే చీపురు పట్టుకుని కొండెక్కి ఆ నలుపును ఊడ్చేది.

"ఏం అపీ, కొండకి పెళ్లిచూపులా? అంత శుభ్రం చేస్తున్నావ్!" అని ఒకసారి పక్కింటి తకీ ఎగతాళి చేశాడు.

"నీ గుమ్మం ముందు చెత్త మోకాలిదాకా ఉంది, ముందు అది చూసుకోరా."

స్కర్దూ పట్నంలో చదివే అపి తమ్ముడి మనవరాలు బతూల్, కిందటి వేసవిలో భూతద్దం తెచ్చింది. అపి ఎప్పటిలాగే చీపురు పట్టుకుంది, బతూలూ నేనూ ఆమె వెంట పైకెళ్లాం. మంచులో చిన్న చిన్న గుంటలు, అడుగున నల్లటి ముద్ద. బతూల్ కాస్త తీసి చూపించింది.

"ఇది ఉత్త మట్టి కాదు అపీ. దీంట్లో ప్రాణం ఉంది. కంటికి ఆననంత చిన్న జీవులు. ఇక్కడే తిని, ఇక్కడే పెరుగుతాయి. ఆ నలుపుకి ఎండ పట్టి మంచు కరుగుతుంది."

అపి భూతద్దం దించింది. "నేను పోసిన పేడలోంచి వచ్చినవేనా?"

"అయ్యో, కాదు! గాలి మోసుకొస్తుంది. నువ్వు పుట్టకముందు నుంచీ అన్ని కొండల మంచు మీదా ఉన్నాయి. ఇప్పుడు వేడి పెరిగి ఎక్కువయ్యాయి. నీ బుట్టెడు మట్టి ఎప్పుడో కొట్టుకుపోయుంటుంది. నీ తప్పేం లేదు అపీ."

ఇన్నేళ్ల నింద తొలగింది కదా అని నా కళ్లు చెమర్చాయి. అపి మాత్రం మంచు మీద కూలబడి ఏడ్చింది.

"నా తప్పయినా బాగుండేది పిల్లా. నాదైతే నేనే ఊడ్చుకునేదాన్ని. ఇప్పుడు దీన్ని ఎవరు ఊడుస్తారు?"

బతూల్ భూతద్దాన్ని సంచిలో పెట్టేసింది. తెచ్చుకున్న ఉప్పు టీ ముగ్గురం తాగి లేచాం. అపి తన చీపురును అక్కడే వదిలేసి దిగింది.