తూకం అయ్యేదాకా ముట్టుకోరాదు

మా బావకి కారు నడపడం రాదు. స్కూటరు వచ్చు గానీ, ఆయన వెనకాల కూర్చున్నవాళ్లు దిగి నడిస్తే ముందు చేరతారు. అలాంటి మనిషి మా చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిసి జరుపుకునే గో-కార్టు పందాలకు రూల్సు రాస్తాడు. నేలకు జానెడు ఎత్తున, చెవులు చిల్లులు పడేలా అరుచుకుంటూ తిరిగే ఆ బుల్లి బండ్లను ఎవరు ఎప్పుడు తోలాలో, ఎలా తోలాలో, తోలనప్పుడు ఎక్కడ నిలబడాలో అన్నీ ఆయన చెప్పినట్టే జరగాలి.

బావది కళ్లద్దాల కొట్టు. కొట్లో చూపు పరీక్ష అక్షరాల పక్కనే పందాల షెడ్యూలు అంటించి ఉంటుంది. "మూడో వరస చదవండి" అంటే, "జూనియర్ల ప్రాక్టీసు, సీనియర్లు బండ్లు తుడుచుకోవాలి" అని చదివినవాళ్లు ఉన్నారు. వాళ్లకి చూపు బాగానే ఉందని పంపించేస్తాడు. ఇంట్లో స్నానాల గది తలుపు మీద కూడా ఒక షెడ్యూలు ఉంది.

"నోట్లో నాలుక లేని మనిషని చెప్పి ఈయనకిచ్చి చేశార్రా," అంటుంది మా అక్క. "నాలుకతో పనేముంది, అన్నీ కాగితం మీద పెట్టేస్తుంటే."

ఈ పందాల్లోకి బావని లాగింది మా మేనకోడలే. స్నేహితురాలితో వెళ్లి ఒకసారి బండెక్కింది, ఇక దిగనంది. మాన్పిద్దామని బయల్దేరిన బావ అక్కడి గందరగోళం చూసి తెల్లబోయాడు. పిల్లల బండ్లూ పెద్దల బండ్లూ ఒకేసారి తిరుగుతున్నాయి. "ఇక్కడ పెద్ద ఎవరండీ?" అని అడిగితే ఒకరినొకరు చూపించుకున్నారు. కూతుర్ని మాన్పించే సంగతి మర్చిపోయి, మరుసటి వారం షెడ్యూలు పట్టుకుని వెళ్లాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. ఆయన పెత్తనం అలా మొదలైంది.

ఆయన రాసిన ప్రతి రూలు వెనకా ఒక పెద్దమనిషి ఉన్నాడు. మలుపులో గొడుగు వేసుకు నిలబడి, గాలికి దాన్ని ట్రాకు మీదికి వదిలేసిన బ్యాంకు మేనేజరు పుణ్యమా అని గొడుగు రూలు వచ్చింది. బేకరీ ఆవిడ పెంపుడు కుక్క పందెంలో అందరికంటే ముందు పరిగెత్తింది కాబట్టి కుక్క రూలు. అన్నిటికంటే పేరుమోసింది మందుల షాపు రూలు.

దాని కథ చెప్పాలి. బండీ, హెల్మెట్టుతో సహా తోలే మనిషీ కలిపి ఇంత బరువుకి తగ్గకూడదని ఒక లెక్క ఉంటుంది. బక్కపలచటివాళ్లు సీటుకి సీసం పలకలు బిగించుకుంటారు. పందెం అవగానే బండితో సహా నేరుగా తూకానికి రావాలి. ఒకసారి మందుల షాపాయన "నా బంగారమే!" అంటూ పరిగెత్తి కొడుకుని కావలించుకుని, వాడి జేబులోకి ఒక సీసం ముక్క జారవిడిచాడు. అంతసేపు చెమటోడ్చినవాడు పొద్దుటికంటే బరువెక్కడమేమిటని బావకి అనుమానం వచ్చింది. ఆ రాత్రే రాసేశాడు: పందెం ముగిశాక తూకం అయ్యేదాకా డ్రైవరుని ఎవరూ ముట్టుకోరాదు, ఏమీ ఇవ్వరాదు, ఏమీ తీసుకోరాదు. ముట్టుకుంటే డ్రైవరు ఫలితం రద్దు, ముట్టుకున్నవారు తర్వాతి పోటీకి గేటు లోపలికి రారాదు. తల్లిదండ్రులకు మినహాయింపు లేదు. ఆ ఆఖరి వాక్యం కింద గీత కూడా గీశాడు.

ఇక కూతురి విషయంలో బావ మరీ దారుణం. పక్షపాతమంటారేమోనని ఆమె బండి తోలుతుంటే చప్పట్లు కొట్టడు. బండి నిలుపుకోవడానికి ఎప్పుడూ అన్నిటికంటే చివరి చోటే ఇస్తాడు.

"నీ కూతుర్నై పుట్టినందుకు నాకు ఒరిగిందేంటి నాన్నా? మరుగుదొడ్ల పక్కన చోటు," అంది మా మేనకోడలు ఒకసారి.

"నీడ ఉంటుందక్కడ," అన్నాడు బావ.

పైకి అలా ఉన్నా, ఆ పిల్ల ఒక్క కప్పయినా గెలవాలని ఆయన లోపల ఎంత తపించేవాడో నాకు తెలుసు. జూనియర్లలో ఆమెకి అదే ఆఖరి ఏడు. కప్పు తేలేది ఆఖరి పందెంలో. పోటీ మందుల షాపాయన కొడుకుతోనే.

ముగింపు గీత దగ్గర గడుల జెండా పట్టుకుని నిలబడ్డది నేనే. మా పిల్ల బండి ముందుగా గీత దాటింది. జెండా ఊపుతూ పక్కకి చూద్దును కదా, బావ లేడు! స్టాప్‌వాచీ నేల మీద పడి ఉంది. బావ పరిగెడుతున్నాడు. ఆయన పరిగెత్తగలడని మా అక్కకి కూడా తెలియదు. తూకం వరసలో బండి ఆపి హెల్మెట్టు తీస్తున్న కూతురి చేతిలోంచి దాన్ని లాక్కుని చంకలో పెట్టుకుని, రెండో చేత్తో ఆమెని గుండెకి హత్తుకున్నాడు.

"గెలిచావే! నా తల్లీ, గెలిచావే!"

ఆ సంబరంలో మా పిల్ల అలాగే బండిని తూకం మీదికి నెట్టించుకుంది. తూకం చూసే వెల్డింగు మేస్త్రి అంకె చదివి, తలెత్తి బావ చంక వైపు చూశాడు. తక్కువ వచ్చింది సరిగ్గా ఒక హెల్మెట్టు బరువు. అది తన దగ్గరికి ఎలా వచ్చిందో తెలియనట్టు బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

మందుల షాపాయనే ముందుకొచ్చాడు. "అయ్యో, పోన్లెండి సార్, అది ఇచ్చేసి మళ్లీ తూయించండి. మావాడికి రెండో స్థానం చాలు."

"మీవాణ్ణి ఆ రోజు మళ్లీ తూశామా?"

"నేను చేసింది మోసం సార్. మీరు చేసింది..."

"ముట్టుకున్నానా లేదా?"

"ముట్టుకున్నారు."

నాకు ఒళ్లు మండిపోయింది. "బావా, నీకు రూలెక్కువా, కూతురెక్కువా? పిల్ల మొహం చూడు!"

"రూలు నాకు తెలీదని చెప్పమంటావురా?" అన్నాడు. పిల్ల మొహం మాత్రం చూడకుండానే ఆమె ఫలితం రద్దని రాసేశాడు.

అభ్యంతరముంటే రూల్సు కార్యదర్శికి రాసివ్వాలన్నది ఇంకో రూలు. మా మేనకోడలు నా వీపు మీద కాగితం పెట్టి, చిరిగిపోయేంత గట్టిగా రాసి తండ్రికిచ్చింది. ఆయన ముద్ర వేసి తీసుకుని, రేకుల షెడ్డులోకి వెళ్లి తలుపేసుకున్నాడు. అభ్యంతరాల కమిటీ కూడా ఆయనే మరి. చాలాసేపటికి బయటికొచ్చి, తిరస్కరించినట్టు ఆమెకి నకలు ఇచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. దుమ్మన్నాడు.

పందాలు లేని నెలలన్నీ ఆ ఇంట్లో మాటల్లేవు. "అమ్మా, ఆయన్ని ఉప్పు ఇటు జరపమను," అనేది మా మేనకోడలు. నాన్న పోయి 'ఆయన' అయ్యాడు.

"ఆ ఒక్క వాక్యం రాయకపోతే ఏం పోయేదండీ?" అని మా అక్క ఒకరోజు నిలదీసింది.

"తండ్రులందరి గురించీ రాశాను. నేనూ అందులో ఉన్నాననుకోలేదు," అన్నాడు బావ.

కొత్త సీజను వచ్చింది. గేటు లోపలికి రారాదన్న ఆ శిక్ష మాటేదో మర్చిపోదామని అందరూ అన్నారు. బావ వింటేనా? షెడ్యూలు రాసి, స్టాప్‌వాచీ నా చేతిలో పెట్టి, తను టీ ఫ్లాస్కుతో గేటు బయట నిలబడ్డాడు. విచిత్రమేమిటంటే, మధ్యమధ్యలో ఆపి రూల్సు చదివి వినిపించేవాడు లేకపోవడంతో ఆ రోజే మొదటిసారి షెడ్యూలు తు.చ. తప్పకుండా నడిచింది. ఆ సంగతి చెబితే "మంచిదేగా" అని మొహం మాడ్చుకున్నాడు.

మా మేనకోడలు ఇప్పుడు సీనియర్లలో తోలుతోంది. పెద్ద ఇంజను, కొత్త పోటీ. చివర్నించి రెండోదిగా వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా తూకం వేయించుకుని, హెల్మెట్టు చేత్తో పట్టుకుని నేరుగా గేటు దాటి బయటికి నడిచింది. నేను స్టాప్‌వాచీ వదిలేసి వెనకే వెళ్లాను.

"తూకం అయింది నాన్నా."

ఆయన ఫ్లాస్కు కింద పెట్టాడు. "తూకం చీటీ ఏదీ?"

ఆ క్షణంలో ఆయన్ని చితకబాదాలనిపించింది. మా పిల్ల మాత్రం ఆ ప్రశ్న ముందే తెలిసినట్టు గ్లౌజులోంచి చీటీ తీసిచ్చింది. బావ కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, పెట్టుకుని చదివాడు. తిరగేసి వెనక ఏమీ లేదని కూడా చూసి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"హెల్మెట్టు మాత్రం నువ్వే పట్టుకో," అన్నాడు చేతులు చాస్తూ.