విశాఖ నుంచి పుణె, మధ్యలో ఇల్లు

ఆ ఏడాది జూన్‌లో ఒకే వారం రెండు కవర్లు వచ్చాయి. ఒకటి విశాఖపట్నం నుంచి, ఒకటి పుణె నుంచి. రెండు కాలేజీలూ ఎంబీఏ సీటు ఇస్తామన్నాయి. ఏదో ఒకదానికి పదిహేను రోజుల్లో జవాబు రాయాలి.

నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. రైల్వేవాళ్ళకు టికెట్ లేకుండా తిరిగే పాసులు ఏడాదికి కొన్నే ఇస్తారు. మా క్వార్టర్లలో ఎవరు ఏ ఊరికి బయల్దేరినా ముందు అడిగే మాట, "పాసు మిగిలిందా?" అని. ఆ ఏడాది మా పాసులు చుట్టాల పెళ్ళిళ్ళకే ఖర్చయిపోయి ఒక్కటి మిగిలింది. విశాఖ తూర్పున, పుణె పడమర. ఒక్క పాసుతో ఒక్క ఊరే చూడగలం.

"ఏది చూద్దం బిడ్డా?" అన్నాడు నాన్న.

"మీ ఇష్టం నాన్నా."

అప్పటిదాకా అన్నిటికీ నా జవాబు అదే. డిగ్రీ కాలేజీకి, ఓణీ రంగుకు, ఆదివారం చర్చిలో పాడాల్సిన పాటకు కూడా. డైరీలో మాత్రం పుణె అని రాసుకున్నాను. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పలేని కారణం. అక్కడ మాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకే. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక నాన్న రైల్వే టైం టేబుల్ తీసి పుణె పేజీ చదువుకునేదాన్ని. వికారాబాద్, తాండూరు, వాడి, షోలాపూర్, దౌండ్. కథ చదివినట్టే ఉండేది.

అమ్మ పుట్టిల్లు విశాఖ. అక్కడ మామయ్య ఉన్నాడు. ఇక అడగాల్సిన పనేముంది? నాన్న విశాఖకే పాసు రాయించాడని అనుకున్నాను.

గురువారం సాయంత్రం నాలుగింటికి అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, పులిహోర పొట్లాలు చేతికిచ్చింది. అయిదుంబావుకు సికింద్రాబాద్‌లో రైలు కదిలింది. కాజీపేటలో ఏడున్నరకు టీ. నా ఎదురుగా అనకాపల్లి వెళ్ళే పెద్దావిడ ఒకరు కూర్చున్నారు. నా ఇస్త్రీ చీరను, నాన్న తెల్ల చొక్కాను చాలాసేపు చూసి ఇక ఆగలేకపోయారు.

"ఏటమ్మా, అయ్యతో ఇంత ముస్తాబయ్యావు! పెళ్ళిచూపులకేటి?"

"పిల్లగాన్ని కాదమ్మా, ఊరిని చూసొద్దమని పోతున్నం," అన్నాడు నాన్న.

"ఊరికేటి, దివ్యంగా ఉంటాది. ఊరికి ఈ పిల్ల నచ్చొద్దేటి? నోట్లోంచి మాటే రాదు!"

పెట్టె అంతా నవ్వింది. నేను కిటికీలోంచి చీకటిని చూస్తూ కూర్చున్నాను.

పొద్దున ఆరింటికి విశాఖలో దిగాం. కొత్త ఊరిని నాన్న స్టేషన్‌తోనే తూకం వేస్తాడు. ముందు ప్లాట్‌ఫారం నల్లా నీళ్ళు పుక్కిలించి, కాసిని తాగాడు. తర్వాత నన్ను ఆడవాళ్ళ వెయిటింగ్ రూమ్‌లోకి పంపి, తిరిగొచ్చాక అడిగాడు. "బాత్‌రూమ్ తలుపుకు గడియ పడుతున్నదా?"

"పడుతోంది నాన్నా."

"అయితే మంచి ఊరే."

నవ్వుకున్నాను గానీ, తర్వాత ఎన్నో ఊళ్ళు తిరిగాక తెలిసింది, అది మంచి కొలతే. ఒంటరిగా ప్రయాణాలు చేసే ఆడపిల్లలు ఇది గుర్తుపెట్టుకోవచ్చు.

మామయ్య ఆటోతో వచ్చాడు. ఇంటికి వెళ్ళేసరికి కిటికీ పక్కన మంచం ఖాళీ చేసి, కొత్త కర్టెన్ కట్టి ఉంది. అత్తయ్య అలమారలో ఒక అర తుడిచి, పాత కాగితం తీసేసి కొత్తది పరిచింది. "నీ పుస్తకాలకే," అంది.

పదిన్నరకు కాలేజీకి వెళ్ళాం. గుట్ట మీద ఉంది. మెట్ల దగ్గర నిలబడితే చెట్ల సందుల్లోంచి సముద్రం కనిపించింది. ఆఫీసులో గుమాస్తా నా వైపు తిరిగి, "పేరేంటమ్మా?" అన్నారు.

"సునీతండి," అన్నాడు మామయ్య.

"డిగ్రీ?"

"బీకామండి. ఫస్టు క్లాసు."

"హాస్టల్ కావాలా?"

"అదేటండీ, నేనుండగా హాస్టలేటి?"

"ఇష్టమైన సబ్జెక్టు?"

"అకౌంట్సండి. ప్రాణం పెడతాది."

నాకు అకౌంట్స్ ఇష్టమని నాకు అప్పుడే తెలిసింది. మామయ్యకు నా మీద ఎంత ప్రేమంటే, నాకు మాటల కష్టం కూడా ఉండకూడదు. తల తిప్పి చూశాను. నాన్న గోడకు ఆనుకుని ఉన్నాడు. గుమాస్తాను గానీ సముద్రాన్ని గానీ చూడటం లేదు. నన్నే చూస్తున్నాడు.

సాయంత్రం అయిదింటికి బీచ్‌కు వెళ్ళాం. మరమరాలతో చేసే మురీ మిక్చర్ పొట్లం ఏది కావాలో కూడా నన్ను అడగకుండానే కారం తక్కువది కొనిచ్చాడు మామయ్య. అలలు మోకాళ్ళదాకా వచ్చాయి. విశాఖ నాకు నచ్చలేదని ఇవాళ్టికీ అనలేను. ఆ రాత్రి డైరీలో "ఇంత అందమైన ఊరు" అని రాసి, ఆ వాక్యం పూర్తి చేయకుండా వదిలేశాను.

శనివారం రాత్రి ముంబై వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మామయ్య కిటికీ ఊచలు పట్టుకుని, "మంచం అలాగే ఉంచుతాన్లే అమ్మడూ," అన్నాడు. తల ఊపాను.

కాజీపేట దాటాక టీటీ వచ్చాడు. పాసు చూసి, "పుణెకు రాత్రి చేరుతుందండీ," అన్నాడు.

"కాదండీ, మేం సికింద్రాబాద్‌లో దిగుతాం," అన్నాను. ఆ ప్రయాణంలో కొత్తవాళ్ళతో నేనన్న మొదటి మాట అదే. ఆయన పాసు నా ముందు పెట్టాడు. పుణె నుంచి విశాఖకు, మళ్ళీ విశాఖ నుంచి పుణెకు అని రాసి ఉంది.

టీటీ వెళ్ళాక నాన్న గొంతు తగ్గించాడు. "పోయేటప్పుడు మధ్యల ఎక్కినం, అంతే. ఇప్పుడు పూనా దాక బెర్తులు సుత ఉన్నయి. దిగుదమంటే దిగుదం, పోదమంటే పోదం, వచ్చేటప్పుడు టికెట్ కొందం. నువ్వే చెప్పాలె."

"నాకు పుణె ఇష్టమని మీకెలా తెలుసు నాన్నా?"

"టైం టేబుల్ బల్ల మీద పెడితె చాలు, పూనా పేజీకే తెరుసుకుంటున్నది. నా బుక్కుకు ఆ అలవాటు లేదు."

"మామయ్య మంచం..."

"మంచం మీద ఎవరన్న పండుకుంటరు తియ్. నీ సంగతి చెప్పు."

నాన్న మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు, నేను ఆయన కళ్ళలో జవాబు వెతక్కుండా. భువనగిరి గుట్ట వెళ్ళిపోయింది. ఘట్‌కేసర్ వెళ్ళిపోయింది. "మీ ఇష్టం" నాలుక చివరిదాకా వచ్చి రెండుసార్లు వెనక్కి పోయింది. మౌలాలీ దాటింది. మా వర్క్‌షాప్ గోడ, క్వార్టర్ల నీళ్ళ ట్యాంకు కనిపించాయి.

"పోదాం నాన్నా."

"యాడికి?"

"పుణెకి."

పదకొండింటికి సికింద్రాబాద్. ప్లాట్‌ఫారం మీద అమ్మ ఉంది. ఒక చేతిలో నాలుగు గిన్నెల క్యారియర్, మరో చేతిలో మడిచిన గొడుగు. బయట ఎండ మండిపోతోంది.

"ఏం చెప్పింది?" అని నాన్నను అడిగింది.

"దాన్నే అడుగు."

"పుణె చూసొస్తానమ్మా. అక్కడే చదువుకోవాలనుంది."

క్యారియర్ కిటికీ ఊచల్లోంచి పట్టదు గనక అమ్మ తలుపు దాకా వచ్చి, గొడుగుతో సహా నా చేతికిచ్చింది. "అక్కడ వానలు పడుతున్నాయంట. దిగితే ఇంట్లో తింటారు, దిగకపోతే రైల్లో తింటారు, అన్నం అన్నమే. కానీ మా అన్నయ్యకు ఉత్తరం నువ్వే రాయి. నేను రాయను."

ఇంటికి తిరిగొచ్చే రైలు ఇంటిని దాటి ముందుకు కదిలింది. అమ్మ గుంపులో చిన్నదైపోయింది. తర్వాత రెండేళ్ళు ఆ దారిలో ఎన్నోసార్లు వచ్చాను, వెళ్ళాను. పుణెలో స్నేహాలు, తగాదాలు, చలిగాలి, చెమ్మ పట్టిన పుస్తకాలు, అన్నీ డైరీల్లో ఉన్నాయి. కానీ నా ప్రయాణం ఏదని అడిగితే నాకు గుర్తొచ్చేది కాజీపేట నుంచి లాలాగూడ దాకా ఉన్న ఆ రెండు గంటల దూరమే.

బేగంపేటలో డైరీలోంచి ఒక కాగితం చింపాను. వికారాబాద్ వచ్చేసరికి గానీ మొదటి వాక్యం కుదరలేదు.

"మామయ్యా, నాకు ఇష్టమైన సబ్జెక్టు అకౌంట్స్ కాదు."