కెమెరాకు బొట్టు

ఒక్క బొట్టుతో వరంగల్ మిర్చిలో తాలుకాయ అనేదే లేకుండా చేసిన ఘనత నాది. పెద్ద పెద్ద చదువులవాళ్లకు చేతకానిది నేను ఒక్క వేలితో సాధించాను. సాధించాక ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, అది వేరే సంగతి.

పరకాల దగ్గర బడిలో కొత్తగా సైన్సు టీచరుగా చేరిన రోజులవి. ఎండాకాలం సెలవుల్లో వరంగల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు బడి టీచర్లను పిలిచి, తమ విద్యార్థులతో జోడీ కట్టించి పరిశోధన చేయించారు. నా జోడీ సుష్మ, మడికొండ పిల్ల. ఇద్దరం కలిసి మిర్చిని ఏరే మిషన్ కట్టాం. కాయ ఎర్రగా ఉంటే కెమెరా చూసి పచ్చ లైటు వెలిగిస్తుంది. రంగు పోయిన తాలుకాయైతే గంట కొడుతుంది. చివరి రోజు కాలేజీ పెద్ద సార్ ముందు సరిగ్గా పనిచేస్తే మిషన్ మా బడికే. నేనేమో అప్పటికే పిల్లలకు మాట ఇచ్చేశాను, ల్యాబులో బల్ల కూడా ఖాళీ చేయించాను. నా నమ్మకం అలాంటిది మరి.

ఆ చివరి రోజు సుష్మ కెమెరాను కదిలించి చూసింది.

"టీచర్, ఇది జర ఊగుతాంది. ఒక్క బొట్టు పెట్టుండ్రి. నేను సార్‌ను తోల్కొస్త."

"ఫికర్ చెయ్యకు బిడ్డా, అది నాకు కొత్తనా?" అన్నాను.

రోగి కోరిందీ బొట్టే, వైద్యుడు చెప్పిందీ బొట్టే. కొత్త మిషన్‌ను బొట్టు పెట్టకుండా మొదలుపెడతారా అని పొద్దుటి నుంచీ నా మనసు పీకుతూనే ఉంది. ఊగడానికీ కుంకుమకూ సంబంధమేమిటని మీరు అడగొచ్చు. నేను అడగలేదు. బ్యాగులోంచి కుంకుమ తీసి నీళ్లతో తడిపాను. కెమెరాకు నుదురేదండీ? నడిమధ్య గుండ్రని అద్దం ఒక్కటే ఉంది. అక్కడే నిండుగా పెట్టాను. కళ వచ్చింది.

సార్ ఎర్రకాయ పెట్టారు. పచ్చ లైటు. తాలుకాయ పెట్టారు. పచ్చ లైటే. జేబులోంచి తెల్ల రుమాలు తీసి పెట్టారు. మళ్లీ అదే.

సుష్మ ముఖం పాలిపోయింది. నేను మాత్రం తగ్గలేదు.

"మంచి రుమాలు సార్," అన్నాను.

ఏమైందోనని సార్ వంగి చూశారు. ఆయన బట్టతలకూ పచ్చ లైటు వెలిగింది.

"ఇదేంది, అద్దం మీద ఎర్రగ?"

"బొట్టు సార్. సుష్మనే పెట్టమన్నది."

"అయ్యో టీచర్, నేనన్నది గమ్ము బొట్టు. పక్కనే సీసా పెట్టి పోయిన గద," అన్నది సుష్మ.

ఎర్ర అద్దంలోంచి చూస్తే అన్నీ ఎర్రగానే కనిపిస్తాయని బడిలో పిల్లలకు పాఠం చెప్పేది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. బడిలో ఖాళీ చేయించిన బల్ల కళ్ల ముందు కదిలింది. గబగబా కొంగుతో అద్దం తుడిచాను. గమ్ము లేని కెమెరా ఊడి మిర్చి గంపలో పడింది.

సుష్మ దాన్ని అతికించింది. గమ్ము ఆరేదాకా సార్ చాయ్ తాగుతూ ఓపికగా కూర్చున్నారు. ఈసారి తాలుకాయకు గంట మోగింది, రుమాలుకూ మోగింది. తల పెట్టి చూసే ధైర్యం మాత్రం ఆయన చేయలేదు.

"మిషన్ తీస్కపోండ్రి టీచర్," అన్నారు. "వచ్చే ఎండకాలం మల్ల రాండ్రి. కని ఫోన్ చేసి పిలుస్తం. మిమ్మల్ని బొట్టు పెట్టి మాత్రం పిలవం."

అందుచేత, మా పిల్లల సాక్షిగా, ఆ మిషన్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఎవరు బొట్టు పెట్టమన్నా, దేనితో అని అడగనిదే వేలు తడపను. మరి బడిలో మిషన్ మొదలుపెట్టిన రోజు బొట్టు పెట్టలేదా అంటారా? పెట్టాను. కెమెరా వీపు మీద.