మామ చేను, నా స్కానింగ్

మా ప్రయోగశాలలో మట్టికి స్కానింగ్ చేస్తాం. ఆసుపత్రిలో మనిషి తలకు తీసినట్టే, మట్టిని కోయకుండా ఎక్స్-రేలతో లోపలంతా చూస్తాం. వేళ్లూ వానపాములూ చేసుకున్న సందులు తెరమీద నల్లగా కనబడతాయి. నీళ్లు, గాలి దిగేది వాటిలోంచే.

పాకాల దగ్గర మా మామకు, అంటే అమ్మ తమ్ముడికి, చెనక్కాయల చేనుండేది. రెండేళ్లుగా పంట సరిగా రావడం లేదు. ఒకరోజు ఫోన్ చేశాడు.

"వానొస్తే నీళ్లు ఆడే నిలబడతా ఉండాయి పాపా. నీ మిషన్లో సూసి సెప్పు. మన్ను బాగుంటే సేను పెట్టుకుంటా. లేదంటే ఇటుకబట్టీ వాళ్లకు ఇచ్చేస్తా."

నేనే వెళ్లి మట్టి తీయాలి. అది నా పని. ఎండకు బద్ధకించి, ఒక పైపు పంపించి, దాన్ని నేలలోకి ఎట్లా దించాలో ఫోన్లోనే చెప్పాను. మామ దాన్ని తడిగుడ్డలో చుట్టి, తిరుపతిదాకా బస్సులో తెచ్చిచ్చాడు.

తెరమీద నల్లటి సందు ఒక్కటీ లేదు. పైనుంచి కిందిదాకా ఒకటే బూడిదరంగు. చేనుమట్టి అంత సమంగా బిగుసుకోదని అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. ఇంకోచోట మట్టి తెమ్మని కూడా అనలేదు. "లోపలంతా మూసుకుపోయింది మామా, ఆశ పెట్టుకోవద్దు" అనేశాను. అంత పొగరు నాకు.

నెల తిరక్కుండానే బట్టీవాళ్లు మోకాలిలోతు మట్టి ఎత్తుకుపోయారు.

తర్వాత ఒక ఆదివారం వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. బయల్దేరేటప్పుడు అత్త నాకోసం పడితో చెనక్కాయలు కొలిచింది. పడిని నేలకేసి తట్టి, కాయలు కుంగాక మళ్లీ పైన కుప్పగా పోసింది. ఇచ్చేది వెలితిగా ఇవ్వకూడదు మా వైపు. మామ చూసి నవ్వాడు.

"నీ పైపు గూడా ఇట్లే నింపినా పాపా. తీసిన మన్ను వొదులుగా, ఎలితిగా ఉన్నింది. నీకు కొరతగా యెట్ల ఇచ్చేది? అంతా కిందేసి, రొంత రొంత పోస్తా, రోకలితో దంచి నిండా నింపినా."

నేను చూసింది చేనుమట్టి కాదు, మామ దంచిన మట్టి. ఆ చేను నిజంగా ఎట్లుండేదో ఇక ఎవరూ చెప్పలేరు. చూద్దామంటే ఆ మట్టే లేదు.

"తక్కువేమన్నా అయిందా పాపా?" అన్నాడు మామ, నా మొహం చూసి.

"లేదు మామా, నిండుగానే ఉండింది" అన్నాను.

ఇప్పటికీ నిజం చెప్పలేదు. చెబితే చేను పోగొట్టింది తన చెయ్యే అనుకుంటాడు. నన్ను ఒక్క మాట అనడు.