తేలుతున్న హెల్మెట్, తెగిన పోగు

ఈ రోజు మధ్యాహ్నం గద్వాలలో, నా స్నేహితుడు వీరేశం మగ్గం దగ్గర కూర్చుని గంటసేపు వాడితో కొట్లాడాను. మేమిద్దరం పిచ్చిగా చూసే అంతరిక్ష సిరీస్‌లో ఒక సీజన్ పోయిన వారం అయిపోయింది. పైలట్ పిల్ల బ్లాక్ హోల్‌లో పడిపోయింది. చివర్లో ఆమె హెల్మెట్ ఒక్కటే తేలుతూ కనిపించింది. చచ్చిపోయిందని వీరేశం. ఇంకో కాలంలో బతికే ఉందని నేను, కాగితం మీద బొమ్మలు గీసి మరీ. మగ్గం చప్పుడు ఆగేసరికి, పక్కన కండెలకు దారం చుడుతున్న వాళ్లమ్మ లక్ష్మమ్మకు చిరాకొచ్చింది.

"ఏంది మీ లొల్లి? ఆఖరికి ఆ టోపి ఎందుకు సూపిచ్చిండ్రు?"

"ఊకెనే, పెద్దమ్మా."

"ఊకెనే ఎవడు సూపిస్తడు బిడ్డా? నేసేటప్పుడు పోగు తెగితే, అతికేదాక దాని కొస కండ్ల ముందటనే ఉంచుకుంటం. అక్కర లేంది కత్తిరిచ్చి పారేస్తం. ఆ పిల్ల మళ్ల వస్తది."

"ఒకవేళ రాకుంటే?" అన్నాడు వీరేశం.

"రాకుంటే, ఆ కథ నేసెటోనికి పని రాదన్నట్టు."

వీరేశం మళ్లీ మగ్గం గుంటలోకి దిగాడు. నేను నా బొమ్మల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

సాయంత్రం లక్ష్మమ్మ మాటనే, పోగూ నేతా తీసేసి, నా బ్లాక్ హోల్ బొమ్మలు జోడించి, నా సొంత సిద్ధాంతంలా ఆ సిరీస్ అభిమానుల గ్రూపులో పెట్టాను. "సార్, మీరు ఫిజిక్స్ లెక్చరరా?" అని ఒకాయన అడిగాడు.

ఆయనకు ఏమని చెప్పమంటారు?