ఆఁ మానేసిన డాక్టరమ్మ

మా ఎదురింటి డాక్టరమ్మ మొన్న మంగళవారం పొద్దున పోయింది. కొన్ని నెలల జబ్బు, బ్లాకులో అందరికీ తెలిసిందే. వాళ్ళ నాన్నగారు వచ్చి తలుపు తట్టి, "అన్నయ్యగారూ, అమ్మాయి పోయిందండీ" అన్నారు. నేను "ఆఁ?" అన్నాను. వినపడక కాదు.

ఆ ఒక్క అక్షరం గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే ఆ మనిషి బతుకు చాలాకాలం దాని చుట్టూ తిరిగింది. తెలుగువాడు ఆఁ అంటే అవునని. దాని తోక కాస్త పైకి లేపితే, ఏమన్నావని. సాగదీస్తే, సరేలే చూద్దామని. ఇన్నింటికీ ఒకే అక్షరంతో సరిపెట్టుకున్న జాతి ఇంకోటి ఉందో లేదో నాకు తెలియదు. నేను చదివింది ఏడో తరగతి, మిగతాదంతా పాత పుస్తకాల కొట్ల దయ. సింగపూర్లో మాత్రం చైనా వాళ్ళూ మలయా వాళ్ళూ కూడా మాట చివర ఒక ఆ తగిలిస్తారు గనక మన ఆఁ ఇక్కడ ఎవరికీ వింతగా తోచదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

డాక్టరమ్మ చిన్నప్పుడే ఇక్కడి బిషాన్ పేటలో మా ఎదురు ఫ్లాట్‌కి వచ్చింది. వాళ్ళ నాన్నగారు బ్యాంకులో కంప్యూటర్లు చూసేవారు. పసితనంలో వచ్చిన జ్వరం పిల్ల ఎడమ చెవిని పూర్తిగా, కుడి చెవిని సగానికి పైగా పట్టుకుపోయింది. కుడి చెవిలో చిన్న మిషను, దాని మీద జుట్టు. ఇంటివాళ్ళు ఎవరికీ చెప్పలేదు. మాకూ తెలియలేదు. షిప్‌యార్డులో ఇనుము కొట్టిన మనిషిని, నేను మామూలుగా మాట్లాడితేనే కింది అంతస్తువాళ్ళు తలుపు తీస్తారు. నా గొంతు ఆ పిల్లకి బాగానే వినపడేది. పైగా నేను కథ చెబుతుంటే నా ముఖం మీంచి చూపు తిప్పేది కాదు. నా కథల గొప్పతనమే అనుకునేవాణ్ణి. ఒకరోజు, "అంకుల్, మీ మీసం కథకి అడ్డం వస్తోంది, కొంచెం కత్తిరించుకోండి లా" అంది. ఆ లా ఇక్కడివాళ్ళు ప్రతి మాటకీ తగిలించే ఇంకో తోక. వేళాకోళమనుకున్నాను. పెదాలు కనపడక పాపం సగం కథ పోయేదని చాలా ఏళ్ళకి తెలిసింది.

అవి కంప్యూటర్ల రోజులు. తెలుగువాళ్ళు ఎక్కడ నలుగురు చేరినా, కొత్తగా దిగిన కుర్రవాడెవడో జావా నేర్చుకున్నానని చెప్పేవాడు. నేను పక్కనున్న జావా దీవి అనుకుని, మా ఓడ అక్కడ బాగుచేయించిన సంగతులు చెప్పేవాణ్ణి. కుర్రాళ్ళు మర్యాదస్తులు, ఒక్కడూ దిద్దలేదు. అలాంటి రోజుల్లో ఈ పిల్ల డాక్టరీలో చేరింది. క్లాసులో ఎప్పుడూ ముందు వరుసే. చప్పుడు పెంచే స్టెతస్కోపు ఒకటి కొనుక్కుని, అడిగినవాళ్ళకి కొత్త మోడలని చెప్పిందట. అలాగే పరీక్షలన్నీ గట్టెక్కింది.

చదువయ్యాక ఆసుపత్రిలో ఏడాది చాకిరీ చేస్తేగాని పూర్తి డాక్టరుగా ఒప్పుకోరు. ఆడపిల్ల చేసినా దాన్ని హౌస్‌మన్ అనే అంటారు. ఆ చాకిరీలో ముందు వరుస ఉండదు, ఫోను ఉంటుంది. ఫోనుకి పెదాలుండవు. ఒక మధ్యాహ్నం ఈమె భోజనానికి వెళ్ళినప్పుడు వార్డు నుంచి నర్సు ఫోన్ చేసి, ఫలానా పెద్దాయనకి డ్రిప్ ఆపేయమంటారా అని అడిగింది. క్యాంటీన్ గోలలో ఏమీ తెలియక ఈమె "ఆఁ?" అంది. నర్సుకి అది అవునని వినపడింది. ఆపకూడని మందు ఆగిపోయింది. ఈమె తిరిగొచ్చి చూసి మళ్ళీ పెట్టించింది గనక పెద్దాయనకి ఏమీ కాలేదు. నర్సుని ఎవరూ ఏమీ అనలేదు. ఈమెనీ అనలేదు. అడిగినవాళ్ళే లేరు.

ఆ సాయంత్రం తండ్రీ కూతుళ్ళు మా ఇంట్లో కూర్చున్నారు. వాళ్ళింట్లో అప్పటికే వాదన ముదిరినట్టుంది. చెవుల సంగతి నేను మొదటిసారి విన్నది అప్పుడే.

"ఆయనకేం కాలేదు కదమ్మా. ఇప్పుడు చెప్పడం దేనికి?" అన్నారు తండ్రి.

"నేను టైంకి వెళ్ళాను కాబట్టి కాలేదు నాన్నా."

"చెవి సంగతి చెప్పావంటే ఈ ఏడాది పూర్తి చెయ్యనివ్వరు. ఇన్నేళ్ళ చదువూ గంగలో కలుస్తుంది. పోనీ, మానేసి కంప్యూటర్ సిస్టమ్స్ కోర్సులో చేరు. స్క్రీన్ ముందు చెవులతో పనేముంది?"

"స్క్రీన్‌కి నొప్పి రాదు లా. నాకు మనుషులు కావాలి."

"మనుషులే కావాలంటే నోరు మూసుకుని ఈ ఏడాది గడుపు."

"రేపు మళ్ళీ ఆగితే?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేనేదో గొప్ప సలహా ఇచ్చి ఉంటానని మీరు అనుకోవచ్చు. ఇచ్చానని చెప్పుకున్నా ఇప్పుడు కాదనే ఓపిక వాళ్ళ నాన్నగారికి లేదు. నేను కాఫీ తాగుతారా అని అడిగాను. వద్దన్నారు.

మర్నాడు ఆమె పెద్ద డాక్టరు గదికి వెళ్ళి తనే చెప్పేసింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని ఆయన అడిగాడు. "ఎవరూ అడగలేదు సర్. అడిగారేమో, నాకు వినపడలేదు" అందట. ఆయన నవ్వలేదు. వార్డు డ్యూటీ నుంచి తప్పించి, చెవులు పరీక్ష చేయించి, మైక్రోస్కోపు ముందు కూర్చునే పని చూసుకోవడం మేలని చెప్పాడు. చెడ్డ మనిషేమీ కాదు, ఆ కాలానికి తోచింది చెప్పాడు. కొన్ని వారాలు ఆమె ఇంట్లోనే ఉండిపోయింది. వాళ్ళ నాన్నగారు సిస్టమ్స్ కోర్సు కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టేవారు. ఆమె వాటి మీద టీ కప్పు పెట్టుకునేది.

ఖాళీగా కూర్చున్న ఆ వారాల్లోనే తనకేం కావాలో ఆలోచించుకుని మళ్ళీ ఆ పెద్ద డాక్టరు గదికి వెళ్ళింది. ఫోను బదులు పేజర్‌కి అక్షరాల్లో కబురు పంపాలి. నోటితో చెప్పేది ముఖం చూపించి చెప్పాలి. చెప్పినదాన్ని తను పాఠంలా తిరిగి అప్పజెప్పాకే ఎవరైనా చెయ్యాలి. ఇవి వాళ్ళు చెయ్యవలసినవి. తన వంతుగా ఆఁ అనడం మానేస్తానంది. ఆసుపత్రి సరేనంది, పేచీలతోనే అనుకోండి.

తెలుగు మాట్లాడే మనిషి ఆఁ మానెయ్యడమంటే ఏమిటో ఒక పూట ప్రయత్నించి చూడండి. నేను భోజనమయ్యేదాకా కూడా ఆగలేకపోయాను. ఆమె ఇంట్లో కూడా మానేసింది. అయితే "అవును", లేకపోతే "వినపడలేదు, మళ్ళీ చెప్పండి". బియ్యం కడగనా అని అడిగినా అంతే. మొదట్లో వాళ్ళ నాన్నగారికి కోర్టులో ఉన్నట్టుండేదట. "వినపడలేదని చెప్పడానికి నోరుంటే చాలు అంకుల్, చెవులక్కర్లేదు" అనేది నాతో.

ఒకసారి చెబితే తీరిపోతుందని మేమనుకున్నాం. కానీ ఆ ఏడాది గట్టెక్కాక పై చదువు శిక్షణలో ఆరేసి నెలలకి ఒక ఆసుపత్రి, ఒక కొత్త గుంపు. ప్రతిచోటా మొదటి రోజు మళ్ళీ మొదలు. కొందరు అయ్యో అనేవారు, కొందరు పిల్లలకి చెప్పినట్టు సాగదీసి మాట్లాడేవారు, ఒకాయన ఎడమ చెవిలో అరిచాడట. "పాస్‌పోర్ట్ లాగా అంకుల్, రెన్యూ చేస్తూ ఉండాలి" అని నవ్వేది. చివరికి ముసలివాళ్ళ వార్డులో స్థిరపడింది. పళ్ళు లేని పెదాలు చదవడం మహా కష్టమని చెప్పేది. అయినా అదే కోరుకుంది. అక్కడ మళ్ళీ చెప్పండి అంటే ఎవరూ విసుక్కోరట, వాళ్ళకీ చెప్పడం ఇష్టమేనట.

మంగళవారం మధ్యాహ్నం ఆమెను మా బ్లాకు కింద గోడల్లేకుండా వదిలిన ఖాళీ జాగాలో, అదే వాయిడ్ డెక్‌లో, పడుకోబెట్టారు. వార్డు నర్సులు యూనిఫామ్‌లోనే వచ్చారు, మళ్ళీ డ్యూటీకి వెళ్ళాలి. అందరూ పువ్వులు పెట్టి కాళ్ళకి దండం పెట్టుకుని జరిగిపోతున్నారు. వాళ్ళలో పెద్దావిడ మాత్రం చుట్టూ తిరిగి, వెలుతురు తన ముఖం మీద పడే వైపుకి వెళ్ళి నిలబడింది. ముక్కు మీది మాస్కు కిందికి లాగింది. కళ్ళు మూసుకున్న ఆ ముఖానికి ఎదురుగా వంగి, తొందర లేకుండా, పెదాలు ఒక్కొక్క మాటకీ తెరుచుకునేలా చెప్పింది.

"డాక్టర్, వుయ్ గో బ్యాక్ టు వార్డ్ నౌ."

చెప్పి, కాసేపు అలాగే నిలబడింది, డాక్టరమ్మ తిరిగి అప్పజెబుతుందేమోనన్నట్టు.